రాయిని ముందు చదివారు

రాతినార (ఆస్‌బెస్టాస్) గనుల్లో పనిచేసి కన్నుమూసిన కూలీల స్మృతిలో పులివెందుల ప్రాంతంలోని లింగాలలో కూడిన ఈ సభ ముందు ఒక ప్రశ్న ఉంది. ఈ నేల మీద మనుషుల ఆరోగ్యానికి ఉన్న ముప్పులను పరిశోధించాలంటే దేనితో మొదలుపెట్టాలి? డబ్బూ డాక్టర్లూ ఎప్పుడూ చాలరు, కాబట్టి వరస తప్పదు. ఇన్నాళ్లూ ఆ వరసలో రాయే ముందుంది.

1934లోనే జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున ఎ.ఎల్. కౌల్సన్ దత్తమండలాల (నేటి రాయలసీమ) రాతినార మీద ఒక గ్రంథం వెలువరించారు. వేంపల్లె సున్నపురాయిలోకి డోలరైట్ చొచ్చుకొచ్చిన చోట తెల్లని క్రిసోటైల్ నార పుట్టింది. పులివెందుల ప్రాంతంలో గనులు లేచింది దానికోసమే.

మూడేళ్లకే, 1937లో, నెల్లూరు జిల్లాలో మరో రకం పరిశోధన జరిగింది. అక్కడ షార్ట్, పండిట్, రాఘవాచారి వెన్ను బిగుసుకుపోయిన రైతులను చూసి, వాళ్లు తాగే బావినీళ్ల దాకా వెళ్లి, ఫ్లోరైడ్‌ను పట్టుకున్నారు. ముందు మనిషి, తర్వాత నీళ్లు. మన దేశంలో ఫ్లోరోసిస్ పరిశోధనకు దారి వేసింది ఆ వరసే.

రాతినార జబ్బు అంత తొందరగా బయటపడదు. దుమ్ము పీల్చిన ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్లకు గాని క్యాన్సర్ కనిపించదు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ బృందం 33 మంది మెసోథీలియోమా (ఊపిరితిత్తుల పొర క్యాన్సర్) రోగుల వివరాలు ప్రకటించింది. వాళ్లలో గనిలో అడుగుపెట్టకుండా, చిన్నప్పుడు గని పక్క ఊళ్లో పెరిగిన వాళ్లూ ఉన్నారు. అక్కడిది నీలి నార, ఇక్కడిది తెల్లది. అయితే అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. మన ప్రభుత్వం రాతినార గనులకు 1986లో కొత్త లీజులు, 1993లో పాత లీజుల పొడిగింపు ఆపింది. రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. జబ్బుకు పట్టే కాలాన్ని సరిగ్గా అర్థం చేసుకున్న తీర్పు అది.

ఆ వేంపల్లె రాతిలోనే తుమ్మలపల్లె యురేనియమూ ఉంది. దాన్ని తీసే గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. ఖనిజం నుంచి యురేనియం తీశాక మిగిలే వ్యర్థంలో రేడియం వంటివి ఉండిపోతాయి, రేడియోధార్మికతలో అధిక భాగం అందులోనే మిగులుతుంది. వ్యర్థాల చెరువు పక్క ఊళ్లలో బోరునీళ్లు పాడయ్యాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని రైతులు ఫిర్యాదు చేశారు. అయితే ఈ రాతి నీళ్లలో సహజంగానూ యురేనియం ఉండవచ్చు. ఏది రాతిది, ఏది చెరువుది అని తేల్చాలంటే తవ్వకానికి ముందు నాటి బోర్ల లెక్క కావాలి. తాగునీటిలో యురేనియం పరిమితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో లీటరుకు 15 మైక్రోగ్రాములుగా, 2011లో 30గా పెట్టింది. ఆ పరిమితి కాచేది ప్రధానంగా మూత్రపిండాలను. అందుకే నీటి పరీక్షతో పాటు మూత్రపిండాల పరీక్షా జరగాలి, ఏటా, అవే బోర్ల దగ్గర, అవే ఇళ్లలో, ఫలితాలు ఊరి గోడ మీద తెలుగులో.

చీనీ, అరటి తోటలకూ ఇళ్లకూ బోర్లే ఆధారమైన ఈ ప్రాంతంలో నీటి పరీక్షల పని ఆగకూడదు. కానీ అన్నిటికంటే ముందు జరగాల్సింది పాత కూలీల జాబితా. ఊపిరితిత్తుల పరీక్ష గని కూలీలకూ, వాళ్ల దుమ్ము బట్టలు ఉతికిన ఆడవాళ్లకూ కలిపి జరగాలి. 1993లో ఇరవై ఏళ్లున్న కూలీకి ఇప్పుడు యాభై దాటాయి. జబ్బు బయటపడే వయసు ఇదే.