వాన పాటలు: తెర మీద వాన, మన చర్ల వాన

చర్ల నుంచి మాట్లాడుతున్నాను.

వానాకాలం మొదలైందంటే మన ఫోన్లలో ఒక పని తప్పకుండా జరుగుతుంది. నాలుగు చినుకులు పడగానే కిటికీలోంచో, బస్సులోంచో ఒక వీడియో తీస్తాం. దానికో పాత వాన పాట తగిలించి స్టేటస్ పెట్టేస్తాం. ముప్పై సెకన్లు, అంతే. ఆ పాట ఏ సినిమాలోది, ఎవరు రాశారు, ఎవరు పాడారు అనేది మనలో చాలామందికి తెలీదు. తెలుసుకుంటే మాత్రం ఆ ముప్పై సెకన్లు ఇంకా బాగుంటాయి.

అందుకే ఈరోజు ఎపిసోడ్ వాన పాటల గురించి. అయితే పాటల లిస్టు చదివి వెళ్లిపోను. ఒక్కో పాట వచ్చిన కాలంలో మన గోదావరి ఒడ్డున వాన ఏం చేసిందో కూడా పక్కపక్కన పెట్టి చూద్దాం. అప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

ముందు 1964. సినిమా ఆత్మబలం. అక్కినేని నాగేశ్వరరావు, బి. సరోజాదేవి జంట. ఆత్రేయ రాశారు, కె.వి. మహదేవన్ సంగీతం, ఘంటసాల, సుశీల పాడారు. చిటపట చినుకులు అనగానే మీ తాతయ్యకో నానమ్మకో ముఖంలో నవ్వొస్తుంది, కావాలంటే ఇంట్లో అడిగి చూడండి. బ్లాక్ అండ్ వైట్ సినిమా. అయినా ఆ పాట వింటే ఒళ్లు తడిసినట్టే ఉంటుంది.

సినిమాల్లో వాన పాట అప్పుడే మొదలైందా అంటే, కాదు. 1952లో హాలీవుడ్‌లో జీన్ కెల్లీ వానలో గొడుగు పట్టుకుని ఒంటరిగా డాన్స్ చేశాడు. 1955లో హిందీలో శ్రీ 420 వచ్చింది. రాజ్ కపూర్, నర్గీస్ ఒకే గొడుగు కింద నడిచారు. వానకీ ప్రేమకీ అక్కడ బాగా ముడి పడింది. ఎందుకంటే, అప్పటి సినిమాల్లో ప్రేమించుకున్నవాళ్లు దగ్గరగా నిలబడటానికి ఏదో ఒక సాకు కావాలి. వాన కన్నా మంచి సాకు ఏముంటుంది?

ఇప్పుడు మన వైపు చూద్దాం. 1964లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన లేదు! ఆ వంతెన 1965లో మొదలైంది, రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చి ప్రారంభించారు. మనం భద్రాచలం ఉన్న ఒడ్డునే ఉన్నాం, ఖమ్మం, కొత్తగూడెం అవతలి ఒడ్డు వైపు. అంటే సినిమాలో చినుకులు అంత అందంగా పడుతున్న రోజుల్లో, ఇక్కడివాళ్లు అవతలికి వెళ్లాలంటే నది దాటాలి. వానాకాలంలో గోదావరి పోటెత్తితే ప్రయాణం ఆగినట్టే. ఒకే వాన, కానీ రెండు చోట్ల దాని అర్థం వేరు.

మధ్యలో ఒక మాట. తెర మీద వాన ఎలా కురుస్తుందో తెలుసా? చాలాసార్లు అది అసలు వాన కాదు. ట్యాంకర్లలో నీళ్లు తెస్తారు. పైన పైపులు కట్టి, వాటి చివర జల్లెడలా చిల్లులు ఉంచి, మోటారుతో నీళ్లు వదులుతారు. ఒక్కోసారి ఫైరింజన్ కూడా పిలిపిస్తారు. ఇంకో విశేషం ఏంటంటే, కెమెరాకి చినుకు సరిగా కనిపించదు. వెనక వైపు నుంచి లైటు కొడితేనే ప్రతి చినుకూ మెరుస్తుంది. మీరు కూడా ఫోన్‌తో ట్రై చేయండి. రాత్రి పూట వీధిలైటుకు ఎదురుగా నిలబడి వాన తీస్తే చినుకులు దారాల్లా కనిపిస్తాయి. లైటు మీ వెనక ఉంటే అంతగా కనిపించవు. ఇక పాట ముందే రికార్డింగ్ అయిపోయి ఉంటుంది, లొకేషన్‌లో దాన్ని మోగిస్తుంటే పెదాలు కలుపుతారు. కాబట్టి తెర మీద వాన అంటే, కావాలన్నప్పుడు వచ్చి, కట్ చెప్పగానే ఆగిపోయే వాన. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

తర్వాత 1979, వేటగాడు. ఎన్టీఆర్, శ్రీదేవి. రాఘవేంద్రరావు డైరెక్షన్, చక్రవర్తి సంగీతం, వేటూరి సాహిత్యం, బాలు, సుశీల గొంతులు. తెలుగులో వాన పాట అనగానే చాలామంది పెద్దవాళ్లు ముందు చెప్పేది ఇదే. వేటూరి వాడిన మాటలు చూడండి: ఆకు, పిందె, చాటు. తోట చూసినవాడికి వెంటనే అర్థమయ్యే మాటలు. అందుకే ఆ పాట సిటీల్లోనే కాదు, పల్లెల్లోనూ అంతగా పాకింది.

ఒకటి మాత్రం మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ఆ సినిమా నాటికి ఎన్టీఆర్‌కి 56 ఏళ్లు, శ్రీదేవికి 16 లోపే. అక్కడి నుంచి తెలుగు వాన పాటల్లో చాలాభాగం ఒకే దారిలో నడిచాయి: హీరోయిన్ తడవాలి, కెమెరా ఆమె వైపే చూడాలి. పాట ట్యూన్ బాగుందని ఒప్పుకుంటూనే ఈ ప్రశ్న కూడా అడగొచ్చు. మన చెల్లెళ్లు చాలామంది అడుగుతున్నారు కూడా. పాటని ఇష్టపడటానికీ ప్రశ్నించడానికీ గొడవేం లేదు.

1982కి వద్దాం. ఈ ఏడాది నాకు చాలా ఇష్టం, ఎందుకంటే రెండు రకాల వాన పాటలు వచ్చాయి. ఒకటి జంధ్యాల తీసిన నాలుగు స్తంభాలాటలోది. రాజన్-నాగేంద్ర సంగీతం, వేటూరి రచన. అందులో వాన కథలో కురిసేది కాదు, పోలిక. ప్రేమ చినుకులా మొదలై నదిలా మారుతుంది. రెండోది దాసరి నారాయణరావు తీసిన స్వయంవరంలోది, ఏసుదాసు పాడింది. గాలివానలో పడవ ప్రయాణం లాంటి బతుకు గురించిన పాట. అక్కడ వాన సరదా కాదు, దిక్కుతోచని తనం. ప్రేమ పాటలే వాన పాటలు అనుకునేవాళ్లు ఆ పాట ఒక్కసారి కళ్లు మూసుకుని పూర్తిగా వినండి.

ఆ పాట వచ్చిన నాలుగేళ్లకి, 1986 ఆగస్టు 16న, భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. ఇప్పటివరకూ రికార్డు అదే. మీకు లెక్క అర్థం కావాలంటే, 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 48కి రెండోది, 53కి మూడోది, అంటే చివరిది. చివరి హెచ్చరిక మీద ఇంకో 22 అడుగులకి పైగా అన్నమాట! మీ ఇంట్లో 50 దాటినవాళ్లు ఎవరైనా ఉంటే ‘ఎనభై ఆరు వరద’ అని ఒక్క మాట అనండి. మిగతాది వాళ్లే చెప్తారు. ఏ గుట్ట ఎక్కారు, ఏ పశువు కొట్టుకుపోయింది, ఎన్ని రోజులు అన్నం దొరకలేదు, అన్నీ చెప్తారు. గాలివానలో పడవ అనేది సినిమావాళ్లకి పోలిక. గోదావరి ఒడ్డు ఊళ్లకి అది పోలిక కాదు.

1989లో గీతాంజలి వచ్చింది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా. ఇళయరాజా సంగీతం, వేటూరి రచన, వాన పాట చిత్ర పాడారు. ఇక్కడ ఒక మార్పు గమనించండి. గిరిజ వానలో ఆడుతుంది, కానీ ఏ హీరో కోసమూ కాదు. తను ఎక్కువ రోజులు బతకదని తెలిసిన అమ్మాయి పాత్ర అది. కథ మొత్తం తెలిశాక ఆ పాట మళ్లీ చూస్తే, అదే గెంతులాట వేరేగా కనిపిస్తుంది. వాన వాయిదా వేసుకునేది కాదు, పడినప్పుడే తడవాలి అని ఆ పిల్లకి తెలుసు. మాటల్లో చెప్పకుండా పాటే చెప్పేసింది.

1990 మే 9న జగదేకవీరుడు అతిలోకసుందరి రిలీజైంది. అదే రోజు కోస్తాలో పెద్ద తుఫాను తీరం దాటింది. అంత వానలోనూ ఆ సినిమా ఎంత హిట్టయిందో ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే ఏడు ఆగస్టు 24న ఇక్కడ గోదావరి 70.8 అడుగులు. మరుసటి ఏడు, 1991లో, గ్యాంగ్ లీడర్. చిరంజీవి, విజయశాంతి, బప్పీలహరి సంగీతం. ఆ వాన పాట పల్లవిలో ‘వెల్లువ’ అనే మాట ఉంది. వెల్లువ అంటే వరద. సినిమాలో అది మనసులో పొంగే సంతోషం. మన దగ్గర మాత్రం ఆ మాట వినేసరికి పెద్దవాళ్ల చూపు గోదారి వైపు తిరుగుతుంది. ఆ పాటనే 2012లో రచ్చ కోసం మణిశర్మ కొత్తగా చేశారు, రామ్ చరణ్, తమన్నా ఆడారు. మీలో చాలామందికి ముందు తెలిసింది ఆ రెండోదే అయ్యుంటుంది.

ఇక 2004 వర్షం. దీని గురించి మీకు చెప్పక్కర్లేదు. ప్రభాస్, త్రిష, దేవిశ్రీ ప్రసాద్, సిరివెన్నెల సీతారామశాస్త్రి. అందులో నువ్వొస్తానంటే అని మొదలయ్యే పాటలో త్రిష ఎవరితో మాట్లాడుతుందో గమనించారా? వానతో! స్నేహితురాలిని పిలిచినట్టు వానని పిలుస్తుంది. ఆ పల్లవి ఎంత హిట్టయిందంటే, మరుసటి ఏడు ప్రభుదేవా తీసిన సినిమాకి అదే పేరు పెట్టారు. గీతాంజలిలో మొదలైన దారి ఇక్కడ ఇంకా స్పష్టమైంది. వానకీ అమ్మాయికీ మధ్య ఇంకెవరూ అక్కర్లేదు.

వానతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడటం సిరివెన్నెల గారి పాటలో కొత్తగా అనిపిస్తుంది కదా. కానీ ఇది సినిమా కన్నా చాలా పాతది. మన ఊళ్లది.

తెలంగాణ పల్లెల్లో వాన రాకపోతే కప్పతల్లి ఆట ఆడేవాళ్లు. రోకలికి కప్పని కట్టి, వేపమండలు చుట్టి, పిల్లలు పాట పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి అమ్మా దాని మీద చెంబెడు నీళ్లు పోస్తుంది. వరదపాశం అని ఇంకోటి, పాయసం బండ మీద పోసి నాకుతారు. గుళ్లో విరాటపర్వం చదివిస్తే వాన వస్తుందని ఇంకో నమ్మకం. వానని వానమ్మా అని తల్లిని పిలిచినట్టు పిలిచే పాటలున్నాయి. మన కోయ గూడేల్లో విత్తనాలు వేసే ముందు భూమి పండుగ చేస్తారు, రేల పాటలకి అడుగులేస్తారు. నాట్లప్పుడు ఆడవాళ్లు వంగి, వెనక్కి అడుగేస్తూ పాడే పాటలు వేరే. అడుగుకీ పాటకీ ఒకటే లెక్క. పాట ఆగితే చేయి నెమ్మదిస్తుంది.

ఈ పాటల్లో ఎవరూ తడవడం కోసం వానని పిలవరు. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదని సామెత. అంటే ఆ కార్తెలో వాన పడితే ఏడాదంతా అన్నం ఉన్నట్టే. పడకపోతే అప్పు, ఎక్కువ పడితే వరద. తాలిపేరు గేట్లు ఎత్తారని వార్త రాగానే కింది ఊళ్లలో సామాన్లు సర్దుకునేది అందుకే. వాగు పొంగితే అడవిలోపలి గూడెం నుంచి రోడ్డుకి దారి ఉండదు, జ్వరమొచ్చినవాళ్లని మంచం మీద మోసుకురావాలి. 2022 జులై 16న గోదావరి 71.3 అడుగులకి వచ్చి, భద్రాచలం వంతెన మీద రాకపోకలు ఆపేసిన రోజులు మీరే చూశారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. ఈ వాన కట్ చెప్తే ఆగదు. అందుకే ఈ పాటల్లో బతిమాలడం ఉంటుంది, భయం ఉంటుంది, అలగడం కూడా ఉంటుంది.

సినిమా పాటలకేం ఢోకా లేదు. ఆత్మబలం పాట అరవై ఏళ్లయినా మీ ఫోన్‌లో ఒక్క టచ్‌కి దొరుకుతుంది. మీ అమ్మమ్మ నాట్లలో పాడిన పాట ఏ యాప్‌లోనూ దొరకదు. అది ఆమె గొంతులోనే ఉంది. ఆమెతోపాటే పోతుంది. ఇప్పుడు పొలంలో కూడా బ్లూటూత్ స్పీకరే మోగుతోంది కాబట్టి కొత్తవాళ్లు నేర్చుకునే దారి లేదు.

కాబట్టి ఈ వానాకాలం ఒక్క పని చేయండి. ఇంట్లో, గూడెంలో ఒక పెద్దావిడని అడిగి ఒక్క వాన పాట రికార్డ్ చేయండి. ముందు అడగండి, ఇష్టమైతేనే తీయండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ రాదు. మైక్ ఆమెకి జానెడు దూరంలో ఉంచండి. గాలి ఉంటే మైక్ మీద పల్చటి గుడ్డ కప్పండి. పాట అయ్యాక ఆపేయకుండా మూడు విషయాలు అడగండి: ఈ పాట ఏ పనిలో పాడతారు, ఏ కార్తెలో పాడతారు, మీకు ఎవరు నేర్పారు? కోయ మాటలుంటే అర్థం అడిగి రాసుకోండి. ఫైల్‌కి ఊరి పేరు, తేదీ పెట్టి రెండు చోట్ల దాచండి. ఆమె ఒప్పుకుంటేనే బయట పెట్టండి, ఒప్పుకోకపోతే మీ ఇంటి వరకే ఉంచండి. అయినా విలువ తగ్గదు.

రేపు వాన పడితే స్టేటస్‌కి త్రిష పాటే పెట్టుకోండి, నేనూ పెడతాను. పూర్తిగా వినండి మాత్రం. వినేశాక మీ అమ్మమ్మ పక్కన కూర్చుని, మీ రోజుల్లో వానని ఎలా పిలిచేవాళ్లు అని అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. వాగు పొంగితే బైక్‌తో దాటే ప్రయత్నం చేయకండి, జాగ్రత్త. ఉంటాను ఫ్రెండ్స్.