గోడలకు నేర్పు కట్టుబాట్లు



హైదరాబాదు గచ్చిబౌలిలోని ఐఐఐటి విద్యాసంస్థ ప్రాంగణమున పలుచోట్ల చిన్న కొలత యంత్రములు నిలిపియున్నారు. అవి నీటిని, గాలిని, విద్యుత్తు ఖర్చును కొలిచి, ఆ వార్తను తీగ లేకయే పంపుచుండును. వీనికి సెన్సారులని పేరు. ఇట్టివి మన కొండలయందలి కట్టడములకు వచ్చుటకు మునుపే వీని తీరు తెలిసికొనుట మేలు.

ఈ ప్రసంగమును మీ చెంతకు తెచ్చుచున్న రేడియో తరంగముల జాతివే సెన్సారు వార్తను మోయునవియు. వానిలో 865 నుండి 867 మెగాహెర్ట్జుల వరకు గలవానిని కొద్దిపాటి శక్తితో వాడుకొనుటకు లైసెన్సు అక్కరలేదని భారత ప్రభుత్వము 2005లోనే నిర్ణయించినది. సెన్సారు నిద్రించుచు, కొన్ని నిమిషముల కొకసారి మేలుకొని, కొలిచి, ఒక్క మాట చెప్పి మరల నిద్రించును. అందుచేతనే చిన్న బ్యాటరీతో ఏండ్లు గడుపగలదు. మందపు రాతిగోడయు, తడిసిన మట్టిగోడయు ఆ మాటను బలహీనపరచును. కొండ అడ్డమైనచో చెప్పనే అక్కరలేదు.

సెన్సారు కొలుచునే గాని ఆజ్ఞాపింపదు. ఆజ్ఞ కట్టుబాటునుండి వచ్చును. ‘ఇట్లు జరిగినచో అట్లు చేయుము’ అని మనుష్యుడు ముందుగా వ్రాసిపెట్టినదే ఆ కట్టుబాటు. ఊరి కట్టుబాటును మీరినవాని మాట వినుటకు పెద్దలు కూర్చుందురు. యంత్రము ఎవరి మాటయు వినదు.

డుంబ్రిగుడ మండలమున ఒక ఆశ్రమ పాఠశాల వసతిగృహమును తలచుకొందము. నీటితొట్టికి వ్రాయు కట్టుబాటు ఇది: నీరు పావువంతునకు దిగినపుడు మోటారు నడుపవలెను, తొట్టి నిండినపుడు ఆపవలెను. రెండు గీతలెందుకని అడుగవచ్చును. ఒక్క గీతయే యున్నచో, ఒక బిందె ముంచినంతనే మోటారు నడచును, క్షణములో ఆగును, మరల నడచును, కొన్నాళ్ళకు చెడిపోవును. ఇంతటితో చాలదు. బోరులో నీరు లేనపుడు నడుపరాదనియు, సెన్సారు వార్త ఆగిపోయినపుడు పాత వార్తను నమ్మక మోటారును ఆపవలెననియు చేర్చవలెను. ఈ కడపటిదానిని మరచుట సులభము. నా మట్టుకు అదియే ముఖ్యమైనది.

దీపము సంగతి యింకను చిక్కు. గదిలో కదలిక లేనిచో పది నిమిషములకు దీపము ఆర్పవలెనని వ్రాసినారనుకొందము. కదలికను కనిపెట్టు సామాన్య సెన్సారు దేహపు వేడిమి అటునిటు జరుగుటనే గుర్తించును. పరీక్షల ముందు కదలక కూర్చుండి చదువుకొను బిడ్డ దాని కంటికి లేనట్లే! పొదుపు జరిగినదని లెక్క చూపును, బిడ్డ చీకటిలో నుండును.

పొగ విషయము ప్రాణములతో ముడిపడినది. పొగ తగిలినంతనే గంట మ్రోగవలెనని పట్టణపు మేడకు వ్రాసిన కట్టుబాటును, చలికాలమున కట్టెలపొయ్యి మండుచుండు మన వంటయింట యథాతథముగ పెట్టినచో, గంట ప్రతిదినము మ్రోగును. మొదటినాడు అందరును పరుగెత్తుదురు. నాలుగవనాడు ఎవరో విసిగి బ్యాటరీని ఊడదీయుదురు. నిజముగ నిప్పంటుకొన్ననాడు ఆ గంట మూగయై యుండును. అట్టిచోట వంటయింట వేడిమి మిక్కిలి హెచ్చినపుడు మ్రోగునట్టి సెన్సారును, బిడ్డలు నిద్రించు గదిలో పొగ సెన్సారును ఉంచుట తగును.

కావున యంత్రములు అమర్చువారు వచ్చినపుడు, ధర అడుగుటకు ముందు, కట్టుబాట్లన్నియు తెలుగున వ్రాసి యిండని అడుగుడు. ప్రతి మోటారునకును, ప్రతి దీపమునకును చేతితో నొక్కు స్విచ్చి విడిగా ఉండవలెనని పట్టుబట్టుడు. కట్టుబాటును మార్చు అధికార మెవరిదో, మార్చుటకు హైదరాబాదునుండి మనుష్యుడు రావలెనో, వార్డెనే మార్చగలడో తేల్చుకొనుడు. పిదప ఆ కాగితమును వంటచేయు ఆమెకును, మోటారు చూచువానికిని, అవసరమైనచో ఆదివాసీ ఒరియాలో, చదివి వినిపింపుడు. పొయ్యి ఏ వేళ పొగయునో, బోరు ఏ నెలలో అడుగంటునో చెప్పగలవారు వారే.