ఆంగ్లభాషయందలి రూఢి



సంస్కృతమునఁ గుశలశబ్దమునకు అవయవార్థము దర్భలు కోయువాఁడని, రూఢ్యర్థము నేర్పరియని. ఆంగ్లమున వాడుక పలుకుబళ్లును ఇట్టివే.

మేము ఉపాధ్యాయవృత్తియందుఁ గ్రొత్తగాఁ బ్రవేశించినప్పుడు ఒక పరీక్షాధికారి “హౌ డు యు డూ” అని పలుకరించిరి. అది మర్యాదమాటయని యెఱుఁగక, పదపదమునకు అర్థముచేసి, పాఠముఁ జెప్పు విధమును వివరింపఁ దొడఁగితిమి. వారు నవ్విరి, మేము సిగ్గుపడితిమి.

“పుట్” అనఁగా ఉంచుట. “పుట్ ఆఫ్” వాయిదావేయుట. “పుట్ అప్ విత్” సహించుట. విడిపదముల యర్థములఁ గూర్చిన నివి రావు. నిఘంటువు, వ్యాకరణము చాలవు. తెలిసినవారి మాట విని నేర్చు వృద్ధవ్యవహారమే శరణ్యము.

మన బాలురు పరీక్షలఁ గృతార్థులయ్యును సంభాషణమున మూగవోవుచున్నారు. కావున దాతలు విద్యార్థివసతిగృహమున వారమున కొకసారి యాంగ్లసంభాషణగోష్ఠి నేర్పఱుపవలెనని వేఁడుచున్నాము. అందుఁ దప్పు పలికినవానిని నవ్వరాదు. మా సిగ్గు వారికిఁ గలుగకుండుఁగాక!