పాత స్ప్లెండర్‌ని మనమే మార్చుకోవాలా, తయారైన బండి కొనాలా?

గుమ్మలక్ష్మీపురం నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చాను. వెనక వర్షం సౌండ్ వస్తుంటే ఏమీ అనుకోకండి, రేకుల షెడ్డు మరి.

ఈ వారం ఒక తమ్ముడు పంపిన వాయిస్ మెసేజ్ గురించి మాట్లాడుకుందాం. వాళ్ళ ఊరు కొండ మీద. రోడ్డు సగం వరకే ఉంది, మిగతాది మట్టి బాట, మధ్యలో ఒక గెడ్డ. ఇంట్లో నాన్నగారి 2006 మోడల్ స్ప్లెండర్ ఉంది. జీడిపిక్కలు అమ్మిన డబ్బులు, కూలి డబ్బులు కలిపి అరవై వేలు చేతిలో ఉన్నాయి. "అన్నా, స్ప్లెండర్‌నే స్క్రాంబ్లర్‌లా కట్టించుకోనా, లేకపోతే విశాఖలో ఎవరో కట్టి అమ్ముతున్న బండి తెచ్చుకోనా?" ఇదీ ప్రశ్న. మెసేజ్ చివర్లో మామూలుగా చెప్పినట్టు ఇంకో మాట అన్నాడు: "ఇంట్లో అక్కకి ఏడో నెల, ఆస్పత్రికి తిప్పాలి కూడా." నాకు ఆ చివరి మాటే అసలు ప్రశ్న అనిపించింది.

ముందు బండి సంగతి చూద్దాం. స్ప్లెండర్ మన దేశంలోకి 1994లో వచ్చింది. 97.2 సీసీ ఇంజన్, రెండు పక్కలా 18 అంగుళాల చక్రాలు. కొండ మీద వాడేవాళ్ళకి ఈ పాత కార్బరేటర్ బండిలో నాకు నచ్చేది ఒకటుంది: బ్యాటరీ చచ్చిపోయినా కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది, ఎందుకంటే దాని ఇగ్నిషన్‌కి కరెంటు మాగ్నెట్ కాయిల్ నుంచే వస్తుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 వచ్చాక కొత్త బళ్ళు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్ అయిపోయాయి. మంచి టెక్నాలజీయే, నేను కాదనను, మైలేజీ బావుంటుంది, చలిలో చక్కగా స్టార్ట్ అవుతుంది. కానీ పెట్రోల్ పంపు తిరగాలంటే కరెంటు కావాలి. ఎల్విన్‌పేట దాటి పైకెళ్ళాక సెన్సార్ పోతే దాన్ని స్కాన్ చేసే మెషిన్ ఎవరి దగ్గరుంటుంది? కార్బరేటర్‌లో చెత్త పడితే మాత్రం స్క్రూడ్రైవర్ ఉన్న ఏ కుర్రాడైనా ఊడదీసి ఊదేస్తాడు.

ఇక ఖర్చు. మా పెదనాన్నగారి బండి నేను, మా మెకానిక్ బాబాయ్ కలిసి రెడీ చేశాం కాబట్టి ఆ లెక్కే చెప్తాను. హాఫ్ ఇంజన్ పని, అంటే బోర్ కొట్టించి కొత్త పిస్టన్ వేసి వాల్వులు కూర్చోబెట్టడం, 6,500. చైన్ సెట్ 1,100. గుండీల టైర్లు రెండు, ట్యూబులతో 4,200. వెనక షాకప్స్ జత 1,800. వైరింగ్ కిట్, బ్యాటరీ కలిపి 2,400. ఇక్కడికి పదహారు వేలు. పెయింటు, కేబుళ్ళు, బ్రేక్ షూలు, సీటు కవరు, కూలి అన్నీ కలిపి ఇంకో 9,500. మొత్తం 25,500. ఈ లెక్కలో కనపడనిది టైము. శని, ఆదివారాలు చేసుకుంటూ పోతే రెండు నెలలు పట్టింది. ఒక్క వాల్వ్ సీల్ కోసం పార్వతీపురం రెండుసార్లు వెళ్ళొచ్చాం. ఆ రెండు నెలలూ బండి గోనెపట్టా మీద ముక్కలుగానే ఉంది.

కొండకి పనికొచ్చే మార్పుల్లో అన్నిటికన్నా చవకైనది స్ప్రాకెట్. వెనక స్ప్రాకెట్‌కి రెండు మూడు పళ్ళు పెంచితే ఇద్దరు కూర్చున్నా బండి ఎత్తు లాగుతుంది. పై స్పీడు తగ్గుతుంది, పెట్రోల్ కొంచెం ఎక్కువ తాగుతుంది, చైన్‌కి లింకు కలపాల్సి రావచ్చు. ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గించినా దాదాపు అదే ఫలితం. దానికి ఖర్చు ఇంకా తక్కువ, కానీ చైన్ తొందరగా అరుగుతుంది. అందుకే నేను వెనకదే మార్చమంటాను. ఇంజన్ సౌండ్ కోసం సైలెన్సర్ కోయించేవాళ్ళకి దణ్ణం. ఆ డబ్బు బ్రేక్ షూలకి పెట్టండి. డ్రమ్ బ్రేకులతో ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ తొక్కి పట్టుకుని ఉంటే వేడెక్కి పట్టు జారుతుంది. రెండో గేరులో ఇంజన్ మీదే దింపాలి.

ఇదే కారణంతో ఇక్కడ ఆర్‌ఎక్స్ 100 కొంటామనేవాళ్ళని నేను ఆపుతుంటాను. 1985 నుంచి 1996 దాకా వచ్చిన బండి, ఇప్పుడు నీట్‌గా కట్టినదానికి లక్ష దాటి అడుగుతున్నారు. ఆ సౌండ్ అంటే నాకూ ప్రాణమే. కానీ టూ స్ట్రోక్‌లో ఇంజన్ బ్రేకింగ్ తక్కువ. పైగా దాని ఆయిల్ పంపు థ్రాటిల్‌తో కలిసి పనిచేస్తుంది. థ్రాటిల్ మూసేసి చాలాసేపు దిగితే ఇంజన్‌కి ఆయిల్ తక్కువ అందుతుంది. అందుకే పాతకాలం డ్రైవింగ్ తెలిసినవాళ్ళు దిగేటప్పుడు మధ్యమధ్యలో థ్రాటిల్ ఒక్కసారి అలా తిప్పి వదులుతారు. ఆదివారం సరదాకి ఓకే, రోజూ కొండెక్కే ఇంటికి వద్దు.

ఇప్పుడు "కట్టి అమ్మే" బండి దగ్గరికొద్దాం. ఇందులో రెండు రకాలున్నాయి, రెండిటినీ కలిపి మాట్లాడితే మోసపోతాం. ఒకటి కంపెనీయే కొండకి కట్టినది. హీరో 2011లో ఇంపల్స్ తెచ్చింది, మనవాళ్ళు పట్టించుకోలేదు. 2019 మేలో ఎక్స్‌పల్స్ 200 తెచ్చింది. అప్పట్లో కార్బరేటర్ మోడల్ ఎక్స్‌షోరూమ్ ధర 97,000. ఆ కార్బరేటర్ మోడల్ సెకండ్ హ్యాండ్‌లో మంచి కండిషన్‌లో దొరికితే కళ్ళు మూసుకుని కాదు గానీ, ఒక కన్ను మూసుకుని కొనొచ్చు. ఫ్రేము, సస్పెన్షన్, ఎత్తు అన్నీ ఒకదానికొకటి లెక్కేసి చేసినవి.

రెండోది ఎవరో షెడ్డులో కోసి అతికించి అమ్మేది. ఇక్కడే నాకు భయం. స్ప్లెండర్ వెనక ఫ్రేము కోసి పొట్టి సీటు పెడతారు, పొడవు షాకప్స్ వేసి పైకెత్తుతారు. పైకెత్తితే చైన్ కోణం మారుతుంది, స్టాండు సరిపోదు, వెల్డింగ్ ఎవరు చేశారో తెలియదు. ఫోటోలో రాయల్‌గా ఉంటుంది.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌తో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టంలో చేర్చిన సెక్షన్ 182ఏ కింద, అలా మార్చిన ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. గమనించండి, ఓనరుకి. కోసినవాడు డబ్బు తీసుకుని వెళ్ళిపోతాడు, బండి ఎవరి పేరు మీదుంటే వాళ్ళే నిలబడాలి. చెక్‌పోస్టులో వదిలేశారనుకుందాం, రేపు ఏదైనా యాక్సిడెంట్ అయి ఇన్సూరెన్స్ వాళ్ళు బండి చూస్తే?

మన బోర్డర్‌లో ఇంకో తలనొప్పి, ఒడిశా బళ్ళు. రాయగడ వైపు నుంచి చవగ్గా వస్తాయి. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే, దానికి అక్కడి ఆర్టీవో ఎన్వోసీ కావాలి. అమ్మేవాడు "తర్వాత పంపిస్తాలే" అంటే ఆ తర్వాత అనేది రాదు. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు చేత్తో తుడిచి, కళ్ళతో చూసి, ఆర్సీతో పోల్చండి. నంబరు దగ్గర గ్రైండింగ్ గీతలుంటే టీ తాగేసి వచ్చేయండి.

ఆ తమ్ముడి స్ప్లెండర్‌కి 15 ఏళ్ళు ఎప్పుడో దాటాయి. ఆర్సీ రెన్యువల్ చేశారా అని అడిగితే "అదేంటన్నా?" అన్నాడు. 2022 ఏప్రిల్‌లోనే పాత టూవీలర్ రెన్యువల్ ఫీజు 300 నుంచి 1,000కి పెరిగింది. మన ఏపీ 35 నంబరు పాత బళ్ళు కొండల్లో ఎన్ని ఇలా కాగితం లేకుండా తిరుగుతున్నాయో! తమ్ముడూ, మొదటి ఖర్చు అదే. పెయింటు కాదు.

ఇక అక్క మాట. ఏడో నెల అంటే నీ దగ్గరున్న టైము కూడా రెండు నెలలే. ఇప్పుడు ఇంజన్ విప్పితే ఆ రెండు నెలలూ బండి ఉండదు. స్క్రాంబ్లర్ పొట్టి సీటు పెడితే అక్క ఎక్కడ కూర్చుంటుంది? వెనక కూర్చునేవాళ్ళకి పట్టుకునే హ్యాండిలు, ఫుట్‌రెస్టులు, చక్రంలో చీర పడకుండా గార్డు, ఇవన్నీ ఉండాలని రూల్ 123 చెప్తుంది. కట్టేవాళ్ళు మొదట పీకేసేది అవే.

2018లో ప్రభుత్వం మన ఏజెన్సీ ప్రాంతాలకి బైక్ ఫీడర్ అంబులెన్సులు ఇచ్చింది, గుర్తుందా? మోటార్ సైకిల్‌కి పక్కన మనిషి పడుకునే తొట్టి. డోలీ మోత తగ్గించడానికి. అది చూసి మన ఊళ్ళో ఒకాయన సొంతంగా తొట్టి వెల్డింగ్ చేయిస్తానన్నాడు. వద్దన్నాను. సైడ్‌కార్ కట్టాక బండి మలుపులో వాలదు, హ్యాండిల్ ఒక పక్కకి లాగుతుంది. దాని బరువు, బ్రేకు లెక్కేసి కట్టాల్సిన పని అది. లోపల పడుకున్న మనిషికి హెయిర్‌పిన్ మలుపులో దూకే అవకాశం కూడా ఉండదు.

కాబట్టి తమ్ముడూ, ఈ రెండు నెలలూ ఇంజన్ ముట్టుకోకు. బ్రేక్ షూలు, వెనక టైరు, చైన్ సెట్ పళ్ళు పెంచి, హెడ్‌లైటు, ఆర్సీ, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. పది వేల లోపు అవుతుంది. పొడవు సీటు అలాగే ఉంచు. నొప్పులొచ్చాక బండి మీద నమ్మకం పెట్టుకోవద్దు. డేట్ దగ్గర పడకముందే అక్కని కిందకి దింపేయండి, ఐటీడీఏ గర్భిణుల వసతి గృహం గురించి మీ ఆశా కార్యకర్తని ఇవాళే అడుగు. 108 ఎక్కడిదాకా వస్తుందో కూడా కనుక్కో, ఆ పాయింట్ దాకా నీ బండి. మిగిలిన యాభై వేలు పోస్టాఫీసులో ఉండనీ. మేనల్లుడో మేనకోడలో వచ్చాక, వర్షాలు తగ్గాక, అప్పుడు ఇంజన్ విప్పుదాం, నేనే వస్తా. ఫ్రేము మాత్రం కోయనివ్వను.

వచ్చే ఎపిసోడ్‌లో ఫోర్క్ ఆయిల్ సీలు ఇంట్లోనే ఎలా మార్చుకోవాలో చూపిస్తాను, దానికి పాత సైకిల్ ట్యూబు ఒకటి దగ్గర పెట్టుకోండి. ఉంటానండి.