మొగులు, మెటార్, మామునూరు

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



విమానం నడపడం నేర్చుకునే పిల్లలకు హైదరాబాద్‌లో వాతావరణ శాస్త్రం పాఠాలు చెప్తానని తెలిసి, ఆ సంగతులే నాలుగు చెప్పమన్నారు నిర్వాహకులు. పైలట్ లైసెన్సు పరీక్షల్లో వాతావరణానికి విడిగా ఒక పేపరే ఉంటుంది. నూటికి 70 మార్కులు వస్తేనే పాస్. మన బడిలో 35 వస్తే గుళ్లో కొబ్బరికాయ కొట్టినవాళ్లం కదా, ఆ లెక్కన ఇది కొంచెం గట్టి పరీక్షే.

నేను ఊరికి వచ్చినప్పుడల్లా అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: "ఈసారి వానలెట్లుంటయి?" నిజానికి ఆ ప్రశ్నకు జవాబు నాకంటే మన రైతులకే బాగా తెలుసు. రోహిణి కార్తెలో ఎండ ఎట్లా కాసిందో, మృగశిరకు మొగులు ఎటు నుంచి లేచిందో చూసి వాళ్లు ఒక అంచనాకు వస్తారు. పైలట్‌కు కావలసింది కాలం లెక్క కాదు, గంట లెక్క. ఇప్పుడు ఎంత దూరం కనబడుతున్నది, మబ్బు ఎంత కిందికి ఉన్నది, గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వస్తున్నది, మరో రెండు గంటలకు ఇవన్నీ ఎట్లా మారతాయి. చినుకు ఒక్కటే అయితే విమానానికి పెద్ద ఇబ్బంది లేదు. దానితో పాటు వచ్చేవాటితోనే భయం.

విమానాశ్రయాలు అరగంటకోసారి ఇచ్చే రిపోర్టును మెటార్ అంటారు. రాబోయే గంటల అంచనాను టాఫ్ అంటారు. బేగంపేట మెటార్ ఎట్లా ఉంటుందో చూపించడానికి, వానాకాలం పొద్దునకు సరిపోయేలా నేనే ఒకటి రాసి తెచ్చాను:

"వీఓహెచ్‌వై 120230జడ్ 25006కేటీ 2500 బీఆర్ ఎస్‌సీటీ008 బీకేఎన్020 24/23 క్యూ1006 నోసిగ్."

మొదటిసారి చూసిన పిల్లలు దీన్ని తాళపత్రం చూసినట్టు చూస్తారు. విప్పితే చాలా తేలిక. మొదటిది బేగంపేట గుర్తు. తర్వాతది 12వ తేదీ, గ్రీన్‌విచ్ లెక్కన రెండున్నర. దానికి ఐదున్నర గంటలు కలిపితే మనకు పొద్దున 8. గాలి 250 డిగ్రీల దిక్కు నుంచి, అంటే దాదాపు పడమటి నుంచి, 6 నాట్లతో వీస్తున్నది. గంటకు 11 కిలోమీటర్లనుకోండి. పట్నం పిల్లలు కొందరు గాలి అటువైపు పోతున్నదని తప్పు పడతారు. మనం "పడమటి గాలి" అంటే పడమటి నుంచి వచ్చేదనే కదా అర్థం, మన ఊళ్ల పిల్లలకు ఈ తికమక రాదు. చూపు 2500 మీటర్లు. బీఆర్ అంటే పలుచటి మంచు. ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేస్తే 800 అడుగుల ఎత్తులో మూడు నాలుగు భాగాలు మబ్బు, 2000 అడుగుల దగ్గర ఐదు నుంచి ఏడు భాగాలు. క్యూ అంటే గాలి పీడనం. నోసిగ్ అంటే రాబోయే రెండు గంటల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదని.

ఇక మిగిలిన 24/23 దగ్గర నేను పిల్లలను ఒక క్లాసు మొత్తం కూర్చోబెడతాను. మొదటిది ఉష్ణోగ్రత, రెండోది మంచుబిందు ఉష్ణోగ్రత. గాలి ఎంత చల్లబడితే అందులోని తేమ నీరుగా మారుతుందో చెప్పే అంకె అది. రెండింటికీ తేడా ఒక్క డిగ్రీనే. ఇంకొంచెం చల్లబడితే చాలు, రన్‌వే అవతలి చివర కనబడదు. చలికాలంలో తడి పొలాల మీద తెల్లవారుజామున పరుచుకునే పొగమంచు ఇదే. పొద్దు పొడవగానే విడిపోతుందని అనుకుంటాం గానీ, చాలాసార్లు పొద్దు పొడిచాక కాసేపు ఇంకా చిక్కబడి, ఆ తర్వాతే విడుస్తుంది. మధ్యాహ్నం లేచే దూదిమబ్బులకు ఇంకో లెక్క ఉంది: ఆ రెండు అంకెల తేడాను 400తో హెచ్చవేస్తే మబ్బు అడుగు ఎంత ఎత్తులో ఉంటుందో సుమారుగా తెలుస్తుంది. 32/22 అయితే 4000 అడుగులు.

ఇప్పుడు పై రిపోర్టు చూసి చెప్పండి, పిల్లవాడు ఒంటరిగా ఎగరవచ్చునా? కంటిచూపుతో ఎగరడానికి 5 కిలోమీటర్ల చూపు ఉండాలి. ఇక్కడ అందులో సగమే ఉంది. రన్‌వే చుట్టూ చక్కర్లు కొట్టేది 1000 అడుగుల ఎత్తులో, మబ్బు 800కే ఉంది. కాబట్టి చాయ్ తాగి కూర్చోవాలి.

ఎండాకాలం సంగతి వేరు. బేగంపేట సముద్రమట్టానికి 1741 అడుగుల ఎత్తున ఉంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, విమానానికి అది 5400 అడుగుల కొండ మీద ఉన్నట్టే. ఇంజను బలం తగ్గుతుంది, రెక్కకు ఊతం తగ్గుతుంది, పరుగు పొడుగవుతుంది. అందుకే వేసవిలో శిక్షణ పొద్దున్నే.

అసలు భయం క్యుములోనింబస్‌తో. మనం గాలిదుమారం, రాళ్లవాన అని చెప్పుకునేవన్నీ ఆ మబ్బు బిడ్డలే. దాని లోపల గాలి పైకి ఎంత బలంగా లేస్తుందో, వాన పడ్డాక అంత బలంగా కిందికి కూలుతుంది. నేలను తాకి నాలుగు దిక్కులకూ చిమ్ముతుంది. దీన్ని డౌన్‌బరస్ట్ అంటారు, చిన్నదైతే మైక్రోబరస్ట్. నాలుగు కిలోమీటర్ల లోపు జాగా, ఐదు నుంచి పదిహేను నిమిషాల సమయం, అంతే దాని ఆయుష్షు. దిగబోయే విమానానికి మొదట ఎదురుగాలి తగిలి వేగం పెరిగినట్టు అనిపిస్తుంది, పైలట్ పవర్ తగ్గిస్తాడు. మరుక్షణం పైనుంచి గాలి నొక్కుతుంది, ఆ వెంటనే వెనుకగాలి తోస్తుంది. 1985 ఆగస్టు 2న అమెరికాలోని డల్లస్‌లో ఒక పెద్ద విమానం ఇట్లాగే రన్‌వేకు ముందే కూలి 130 మందికి పైగా చనిపోయారు.

అంత దూరం ఎందుకు? 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో వందల ఎకరాల్లో వేల చెట్లు కొద్దిసేపట్లోనే నేలకొరిగాయి. టోర్నడో అని కొందరు, డౌన్‌బరస్ట్ అని కొందరు అన్నారు. ఏదైనా గానీ, మహావృక్షాలను పడగొట్టిన గాలిలో రెండు సీట్ల సెస్నా గతి ఏమిటో మీరే ఊహించుకోండి. 2009 సెప్టెంబర్ 2న బేగంపేట నుంచి బయలుదేరిన ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కూలిన ఘటన అందరికీ గుర్తే. తీవ్రమైన కిందిగాలిలో చిక్కుకోవడమే కారణమని విచారణ సంఘం చెప్పింది. ఆ ముందు కొన్ని నిమిషాలు సిబ్బంది దృష్టి ఆయిల్ ప్రెషర్ సమస్య మీదే ఉండిపోయిందని కూడా చెప్పింది. నేను పిల్లలకు ఈ రెండో మాటే ఎక్కువ సేపు చెప్తాను.

రిపోర్టుకూ హద్దులున్నాయి. బేగంపేట మెటార్ బేగంపేటదే, జనగామది కాదు. అరగంటలో మబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికైనా పెరుగుతుంది. అదే ఆగస్టు 31 రాత్రి మన ఆకేరు ఎట్లా పొంగిందో, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట ఎట్లా కొట్టుకుపోయిందో చూశాం. అందుకే రిపోర్టు చదవాలి, రాడార్ బొమ్మ చూడాలి, బయటికి వచ్చి ఆకాశం చూడాలి, పోయే చోటికి ఫోన్ చేసి అడగాలి. నాలుగింటిలో ఏ ఒక్కటి మిగతావాటికి పొసగకపోయినా ఆగాలి.

ఈ ఆగడమే కష్టం. ఆకాశం వల్ల కాదు, డబ్బు వల్ల. ఒకసారి ఒక తండ్రి నాకు ఫోన్ చేశాడు. "మూడు రోజులాయె సారూ, మా పిల్లగాడు ఎగురుతనే లేడట. హాస్టల్ కిరాయి పెరుగుతనే ఉన్నది. భూమి కుదవపెట్టి పంపిన." ఆయన బాధ నాకు తెలుసు. లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, గంటగంటకూ వేలల్లో ఖర్చు. కానీ ఆ మాట పిల్లవాడి చెవిలో పడితే, నాలుగో రోజు పొద్దున వాడికి 3000 మీటర్ల చూపు 5000 లాగా కనబడుతుంది. అందుకే ఆయనతో అన్నాను: "అన్నా, మబ్బు పట్టినప్పుడు మీరు కల్లంలో వడ్లు ఆరబోస్తరా?" ఆయన కాసేపు ఆగి, "బోయ్యం సారూ" అన్నాడు. మళ్లీ ఫోన్ చేయలేదు. ఆ అబ్బాయి ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు.

ఇక్కడున్న తల్లిదండ్రులకూ సార్లకూ ఇదే నా మనవి. మన పిల్లలెవరైనా రేపు అటు పోతే, వాతావరణం బాగాలేదని దిగి వచ్చిన రోజు "భయపడ్డవా?" అని అడగకండి. "ఏం చూసి ఆగినవ్?" అని అడగండి. వాడు చెప్పే జవాబులో అంకెలు ఉండాలి.

మన ఊరి మీదుగా పోయే ఖమ్మం–వరంగల్ రోడ్డు మీదే మామునూరు ఉంది. నిజాం కాలపు విమానాశ్రయం, 1981 తర్వాత ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది. అక్కడ విమానాలు దిగే నాటికి మన బడి పిల్లలకు ఆ రిపోర్టు చదవడం వచ్చి ఉండాలని నా కోరిక.

అందుకోసం రెండు థర్మామీటర్లు తెచ్చాను. ఒకదాని గుండుకు తడిగుడ్డ చుట్టి, రెండింటినీ వరండాలో ఎండ తగలని గోడకు పక్కపక్కన వేలాడదీయాలి. తేడా చూసి పట్టికలో మంచుబిందువు లెక్కగట్టవచ్చు. పట్టిక కూడా తెచ్చాను. ఎనిమిదో తరగతి పిల్లలు రోజూ పొద్దున ప్రార్థన తర్వాత నోటుబుక్కులో రాస్తే చాలు. సైన్స్ సార్‌తో మాట్లాడాను, సోమవారం మొదలుపెడతామన్నారు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.