పాత బండికి రంగే చర్మం



ఈనాడు నేను విత్తనాలను గురించిగాని, ఎరువులను గురించిగాని మాట్లాడబోవడం లేదు. మీ కొట్టంలో నిలబెట్టి ఉన్న పాత ట్రాక్టరును గురించి, దాని పక్కనే పట్టా కప్పుకొని ఉన్న పాత జీపునో, అంబాసిడర్ కారునో గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. ఇంజను సంగతి కాదు, దానికి మెకానిక్కులున్నారు. నేను చెప్పేది పైనున్న రంగు సంగతి.

"రంగుదేముందండీ, బండి నడిస్తే చాలదా?" అని మీలో కొందరు అనవచ్చు. నడిస్తే చాలును, నిజమే. కాని రంగు పోయినచోట రేకు బయటపడుతుంది. రేకు బయటపడినచోట నాలుగు వానలకే తుప్పు మొదలవుతుంది. మడ్‌గార్డు లోపలివైపు మొదలైన తుప్పు మన కంటికి కనబడేసరికి రేకు అప్పడంలా విరిగే స్థితికి వస్తుంది. అప్పుడు కొత్త రేకు కావాలంటే ఎక్కడి నుంచి తెస్తాం? అంబాసిడర్ కారు తయారీయే 2014లో ఆగిపోయింది. పాత సామాన్ల అంగళ్ళ చుట్టూ తిరగడం తప్ప వేరే దారి ఉండదు.

ఇప్పుడు వచ్చే కార్లకు రంగు మీద గాజులాంటి ఇంకొక పూత ఉంటుంది. దాన్ని క్లియర్ కోటు అంటారు. మెరుగు ఆ గాజుపూతది, రంగు దాని అడుగున భద్రంగా ఉంటుంది. పాత బండ్లకు ఆ ఏర్పాటు లేదు. రంగూ అదే, మెరుగూ అదే, ఎండావానలకు అడ్డమూ అదే. పెయింటర్లు దీన్ని సింగిల్ స్టేజి రంగు అంటారు. మీ బండిది ఏ రకమో తెలుసుకోవడం చాలా సులువు. కంటికి ఆనని మూల చూసి, తెల్లని గుడ్డకు కొంచెం పాలిష్ అద్ది నాలుగుసార్లు రుద్దండి. ట్రాక్టరు ఎరుపైతే గుడ్డ ఎర్రబడుతుంది, నీలమైతే నీలమవుతుంది. అలా రంగు దిగితే అది సింగిల్ స్టేజి రంగే. తెల్ల అంబాసిడర్‌కు తెల్లగుడ్డ పెట్టి చూస్తే ఏమీ తెలియదు, నల్లగుడ్డతో చూడాలి. గుడ్డకు రంగు అంటకపోతే మధ్యలో ఎవరో ఆ బండికి మళ్ళీ రంగు వేయించి, పైన గాజుపూత కొట్టించి ఉండవచ్చు. దాని పద్ధతి వేరు.

ఒక ముచ్చట. ట్రాక్టర్లకు వాడే ఎనామిల్ రంగులలో బంకగా పనిచేసే పదార్థాన్ని చాలావరకు విత్తనాల నూనెల నుంచే తయారుచేస్తారు. అవిసె నూనె, సోయా నూనె, మన మెట్టపొలాల్లో పండే ఆముదం కూడా అందుకు పనికివస్తాయి. ఈ బంక రంగుపొడిని రేకుకు పట్టి ఉంచుతుంది. ఏళ్ళ తరబడి ఎండ తగిలితే పైపైన బంక చచ్చిపోయి, రంగుపొడి విడిపోతుంది. బానెట్ మీద వేలు రాస్తే సుద్దలాగా అంటుకొనేది ఆ పొడే. ఎరుపురంగు బండ్లు ఇట్టే వెలిసి గులాబీరంగుకు తిరగడం మీరు చూసే ఉంటారు. అలా వెలిసినంత మాత్రాన రంగు పోయిందని అనుకోకండి. చచ్చిన పొర సన్నటిది. దాని కింద అసలు రంగు ఇంకా బ్రతికే ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. మొత్తం రంగు మందం సుమారు ఒక కాగితమంత, అంటే మిల్లీమీటరులో 10వ వంతుకు అటూ ఇటూ. రుద్దిన ప్రతిసారీ అందులోనుంచే కొంత పోతుంది. నిరుడు మా వైపు ఒక రైతు, తన తండ్రిగారి కాలపు కారును కూతురి పెళ్ళికి బయటకు తీయాలని పట్నంలో ఒక పాలిష్ దుకాణంలో ఇచ్చారు. అక్కడి కుర్రవాడు గరుకు రబ్బింగ్ కాంపౌండు పూసి, బఫింగ్ మిషను పెట్టి ఊదరగొట్టాడు. సాయంకాలానికి కారు అద్దంలా మెరిసింది. మెరిసింది గాని, బానెట్ మధ్య గీత వెంబడి, తలుపుల అంచుల వెంబడి అడుగునున్న గోధుమరంగు ప్రైమరు చారలుగా బయటపడింది. దుకాణంవారు "ఇక మొత్తం రంగు వేయించాల్సిందే" అన్నారు. వేయించారు. ఆ పెద్దాయన చేతుల మీదుగా నలభై ఏళ్ళు నిలిచిన రంగు ఒక పూట మిషనుతో పోయింది. ఖర్చు సంగతి సరే, ఆ రైతు బాధ ఖర్చు గురించి కాదు.

అందుచేత ముందు కడగడం, తర్వాత నూనె పట్టించడం, అవసరమైతేనే, అదీ చేత్తోనే, రుద్దడం. ఈ వరుస తప్పకూడదు.

కడిగేటప్పుడు బండి నీడన ఉండాలి, రేకు చల్లగా ఉండాలి. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు మీది బురద ఎండిందంటే దాన్ని గుడ్డతో తుడవకండి, అందులో ఇసుక ఉంటుంది. నీళ్ళు పోసి బాగా నాననిచ్చి, ధారతో జారిపోనివ్వాలి. బట్టల సబ్బుపొడి వద్దు. అది జిడ్డుతోపాటు రంగు మీది మైనాన్ని కూడా ఊడ్చుకుపోతుంది. కార్లు కడిగే షాంపూ మూతెడు చాలు. రంగు పెచ్చులు లేచినచోట ఒత్తిడి నీళ్ళ మిషను గురిపెట్టవద్దు, నీరు పెచ్చు కిందికి దూరి మిగతాదాన్ని కూడా లేపుతుంది.

ఇక మనవాళ్ళకొక అలవాటుంది. కడగడం అయిపోగానే డీజిలో, కిరసనాయిలో గుడ్డకు అద్ది బండంతా తుడుస్తారు. రెండు రోజులు నిగనిగలాడుతుంది. మూడోనాటికి ఆ జిడ్డు మీద దుమ్మంతా పేరుకొని, తుడవబోతే గీతలు పడతాయి. పైగా ఉన్న మైనాన్ని డీజిలే కరిగించేస్తుంది, రబ్బరు పైపులకూ చేటే. ఈ అలవాటు మానుకోవలసిందిగా గట్టిగా చెబుతున్నాను.

దానికి బదులు గీకుడు పదార్థం లేని నూనె పాలిష్ తీసుకోండి. దుకాణంలో గ్లేజు అని అడిగితే ఇస్తారు. సీసా మీద కాంపౌండు అనిగాని, కట్టింగ్ అనిగాని ఉంటే అది కాదు. మెత్తని తువ్వాలు ముక్కతో బానెట్ మీద ధారాళంగా పూసి, మెల్లగా రుద్ది, ఆ రాత్రికి అట్లాగే వదిలేయండి. మరునాడు పాత పంచె గుడ్డతో తుడిచి చూడండి. ఎండి బీటలువారిన మడికి తడి పెట్టినట్లు రంగు ముదురుతుంది. పోయిన రంగును అది తిరిగి తెస్తుందని చెప్పను. ఎండిన పొరలోని సన్నని రంధ్రాలను నింపుతుంది, విడిపోయిన సుద్దను గుడ్డకు ఎత్తుతుంది, అంతే. ఇంకా పాలిపోయినట్టుంటే మరొకసారి చేయండి. చాలా బండ్లకు ఇంతటితోనే పని తీరుతుంది.

తీరకపోతే అప్పుడు మెత్తరకం పాలిష్ తీసుకొని, అంచులకూ గీతలకూ మాస్కింగ్ టేపు అంటించండి. అంచుల దగ్గర రంగు ఎప్పుడూ పలుచగానే ఉంటుంది. చేత్తో, ఒకసారికి తుండుగుడ్డ పరచినంత మేర మాత్రమే రుద్దాలి. గుడ్డకు రంగు దిగుతూనే ఉంటుంది, దానికి కంగారుపడనక్కరలేదు. కాని దిగేది మీ బండి రంగేనని గుర్తుంచుకొని, మెరుగు కనబడగానే చెయ్యి ఆపండి. ఇంకొంచెం, ఇంకొంచెం అనే ఆశే కొంప ముంచుతుంది.

తుప్పు మచ్చలుంటే వాటి సంగతి మైనం పెట్టకముందే చూడాలి. మైనం మీద, సిలికాను కలిసిన పాలిష్ మీద కొత్త రంగు అతుక్కోదు, చేపకళ్ళలాగా గుంటలు పడుతుంది. అందుకని ముందుగా ఆ చోట జిడ్డంతా పోయేలా తుడవాలి. తర్వాత వాటర్ పేపరుతో ఇనుము తెల్లగా కనిపించేదాకా అరగదీసి, పూర్తిగా ఆరనిచ్చి, రెడ్ ఆక్సైడు ప్రైమరు వేసి, ఆపైన ఎనామిల్ రంగు సన్నకుంచెతో పూస్తే సరి. రంగు కలపడానికి ఎనామిల్‌కు తగిన థిన్నరే వాడండి. ఘాటైన లాకరు థిన్నరు కలిపితే పాత రంగు ఉబ్బి ముడతలు పడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. పాత పసుపు, నారింజ, ఎరుపు రంగులలో సీసం ఉండవచ్చు. మన దేశంలో 2016లో సీసం మీద కట్టుదిట్టం వచ్చింది గాని, అది ఇళ్ళకూ అలంకరణకూ వాడే రంగులకు సంబంధించినది, బండ్ల రంగులకు కాదు. కనుక పొడిగా అరగదీయకండి, తడిపి అరగదీయండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. పశువులకు రంగు పెచ్చులు నాకే గుణముంది, సీసం వాటికి విషం. రాలిన పెచ్చులూ పొడీ గాడిలోగాని, పెంటకుప్పలోగాని పడకుండా కింద పాత సంచి పరచి, అంతా ఎత్తి మూటకట్టి పారేయాలి.

ఇక మైనం. కార్నూబా అనే గట్టి మైనం బ్రెజిల్ దేశంలో ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పుడుతుంది. ఎండకు ఆకులోని నీరు ఇగిరిపోకుండా చెట్టు చేసుకొన్న ఏర్పాటది, మనం మన బండికి అరువు తెచ్చుకొంటున్నాము. పలుచగా పూసి, తెల్లబారాక తుడిచేయాలి. మందంగా పూస్తే డబ్బు దండుగ. వానకాలానికి ముందొకసారి, దసరాకు ముందొకసారి పూస్తే మంచిది. దసరా అని ఎందుకంటున్నానంటే, ఆనాడు బండికి పసుపు కుంకుమ పెడతాము కదా. ఎండిపోయిన రంగు మీద పెడితే పసుపు లోపలికి ఇంకి మచ్చ నిలుస్తుంది. మైనమున్న రంగు మీద పెడితే మరునాడు తుడిస్తే పోతుంది.

మన పొలంపనుల వల్ల రంగుకు వచ్చే చేటు మరొకటుంది. ట్రాలీలో ఎరువుల సంచులు చిరిగి, పొటాషో, అమ్మోనియం సల్ఫేటో మూలలలో పడిపోతుంది. అది గాలిలోని తేమను లాగి, ఉప్పునీరులాగా రేకును తింటుంది. బోర్డో మిశ్రమాన్ని ఇనుప పాత్రలో కలపకూడదని మీకు తెలుసు. ఆ మైలుతుత్తమే రంగు లేచిన మడ్‌గార్డు మీద చిందితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మందు కొట్టిన రోజున, ఎరువు తోలిన రోజున చీకటిపడేలోగా నాలుగు బకెట్ల నీళ్ళు పోయండి.

చింతచెట్టు కింద నిలపవద్దు, పిట్టల రెట్ట ఒక్క మధ్యాహ్నంలో మచ్చ వేస్తుంది. షెడ్డు లేకపోతే నాలుగు గుంజలు పాతి పైన రేకు వేసినా సరిపోతుంది. ప్లాస్టిక్ పట్టాను మాత్రం బండికి బిగించి కట్టకండి. కింద చెమ్మ నిలిచి రంగు పొక్కులు లేస్తుంది, గాలికి కొట్టుకొని దుమ్ముతో గీకుతుంది.

మైనం ఎంతకాలం నిలిచిందో తెలుసుకోవాలంటే నెలకొకసారి బానెట్ మీద చెంబెడు నీళ్ళు చల్లి చూడండి. తామరాకు మీద మాదిరిగా బొట్లుబొట్లుగా నిలిచి జారిపోతే ఇంకా ఉన్నట్లే. నీరు పలుచగా పరచుకొని నిలిచిపోతే డబ్బా మూత తీయవలసిన రోజు వచ్చినట్లు.