దేశం లెక్క నిలిచింది.. ఇంటి లెక్క కూలింది

(గల్ఫ్ కార్మిక కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. మన పల్లెల బతుకు ఈ మూడింటి చుట్టే తిరిగింది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ ఊళ్లలో దుబాయి పైసలంటే అప్పు కిస్తీ, పిల్లల ఫీజు, ముసలి తల్లి మందులు. ఆ పైసలు పంపే మనిషే మంచాన పడితే ఇల్లు ఏం కావాలె? 2020లో కరోనా ఈ ప్రశ్నను మన వాకిట్ల నిలబెట్టింది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రపంచ బ్యాంకు ఒక అంచనా వేసింది. విదేశాల నుంచి భారతదేశానికి వచ్చే సొమ్ము 23 శాతం పడిపోతుందన్నది. తీరా సుమారు 8,300 కోట్ల డాలర్లు వచ్చాయి. అంతకు ముందటేడుతో చూస్తే ఒక్క శాతం కూడా తగ్గలేదు. అంటే మనకు కష్టమే రాలేదా?

వచ్చింది. లెక్కలో కనపడలేదంతే. విమానాలు ఆగడంతో చేతికిచ్చి పంపే పైసలు, హుండీ పైసలు బ్యాంకు దారి పట్టాయి. అమెరికాలో ఇంటి నుంచి పనిచేసిన ఉద్యోగి పంపిన డాలరు చాటున, సౌదీలో పనిపోయిన కూలీ పంపలేని రియాలు దాగిపోయింది.

జీతం బాకీ వదులుకొని వందే భారత్ విమానమెక్కిన వాళ్లున్నారు. రిజర్వు బ్యాంకు ఆ ఏడాది ఆగస్టు దాకా కిస్తీలు వాయిదా వేసుకోనిచ్చింది, మిత్తి మాత్రం నడిచింది. ఏజెంటుకు కట్టడానికి ఊళ్లో తెచ్చిన అప్పుకైతే ఆ వాయిదా కూడా లేదు. జన్ ధన్ ఖాతా ఉన్న ఆడబిడ్డలకు నెలకు 500 చొప్పున మూడు నెలలు దక్కాయి. అది లేని ఇల్లాలికి? ఖాతా ఆయన పేరిట, కార్డు ఆయన జేబులో. ఆయన కన్నుమూస్తే, నామినీ పేరు లేని ఖాతాలో సొంత సొమ్ము కోసం ఆమె ఆఫీసుల చుట్టూ తిరగాలె.

ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రమాదంలో చనిపోతే 10 లక్షలిస్తుంది. గుండె ఆగి నిద్రలోనే పోయినవాడి ఇంటికి ఆ 10 లక్షలు రావు. గల్ఫ్ మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో 5 లక్షల సాయం ప్రకటించింది. మంచిదే. కానీ పీనుగ లేచినంక వచ్చే సాయం, మనిషి మంచంలో ఉన్ననాడు అక్కరకు రాదు.

అందుకే మనం అడుగుతున్నాం. జబ్బు చావుకూ బీమా వర్తించాలి. జబ్బుపడి తిరిగొచ్చినవారి అప్పుకు మిత్తి లేని గడువియ్యాలి. బ్యాంకు ఉద్యోగ మిత్రులారా, విమానమెక్కే ముందే నామినీ రాయించండి, ఇల్లాలి పేరిట ఖాతా తెరిపించండి. విద్యార్థులారా, ఈ సెలవుల్లో మీ ఊరి గల్ఫ్ ఇండ్లు తిరిగి, ఎవరికి ఖాతా ఉంది, ఎవరికి లేదు, రాసుకొని రండి. దేశం రాయని లెక్క మనమే రాద్దాం. దాన్ని పట్టుకొనే సర్కారును నిలదీద్దాం.